రైలెక్కిన కథలు, ఇంజనెక్కని కథకులు

మన కథల్లో రైలుకేమీ కొదవ లేదు. పెళ్లిచూపులకు వెళ్లేవాడు రైలెక్కుతాడు. ఇల్లు విడిచి వెళ్లిపోయే ఇల్లాలు రైలెక్కుతుంది. ఎదురు సీటులో కూర్చున్న పెద్దమనిషి పదేళ్ల కిందటి సంగతేదో తవ్వి తీస్తాడు. రైలుపెట్టె రచయితకు ఎంత వాటంగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. బండి కదిలిందంటే పాత్రలు ఎటూ పోలేవు. స్టేషను రాగానే కథ కూడా దిగిపోతుంది. అంతా బాగానే ఉంది గాని, ఇంతకీ ఆ బండి నడుపుతున్నదెవరు? పెట్టెలన్నిటికీ ముందర, నిప్పుల గుండం ఎదుట, ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారన్న సంగతి మన కథకులకు ఎప్పుడో గాని గుర్తొచ్చినట్టు తోచదు.

పాలగుమ్మి పద్మరాజుగారి ‘గాలివాన’నే తీసుకోండి. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పత్రిక వారి ప్రపంచ కథల పోటీలో రెండో బహుమతి పొందిన కథ. తుఫాను రాత్రి స్టేషనులో చిక్కుకుపోయిన రావుగారినీ, ఆ బిచ్చగత్తెనూ చదివినవాళ్లు మరిచిపోలేరు. అంత గొప్ప కథను పట్టుకుని ఇందులో డ్రైవరేడీ అని అడిగేటంత అరసికుణ్ణి కాను. ఆ కథకు డ్రైవరు అక్కర్లేదు. అయితే అలాంటి గాలిలో, అలాంటి చీకట్లో తల బయటికి పెట్టి సిగ్నలు దీపం కోసం వెతుక్కుంటూ బండి నడిపేవాడికి కూడా ఒక కథ ఉంటుంది కదా. అది ఇంకెవరైనా రాయవలసింది.

రాయకపోవడానికి కారణం లేకపోలేదు. ప్రయాణికుడి ప్రయాణానికి మొదలూ చివరా ఉంటాయి. ఇంజను మీది మనిషికి దక్కేది నడిమి ముక్క. కాజీపేట-బల్లార్షా లైను పూర్తయిన తరువాత, 1929 ప్రాంతంలో మొదలైన గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్సును చూడండి. మొదట్లో దాని పెట్టెలు పెషావరు నుంచి మంగుళూరు దాకా పోయేవి. ఆ తరువాత ఢిల్లీ-మద్రాసు బండిగా స్థిరపడింది. పెట్టెలో కూర్చున్నవాడు రాత్రీ పగలూ అదే పెట్టెలో ఉంటాడు. ఇంజను మాత్రం దారిలో ఎన్నోసార్లు మారుతుంది, మనుషులూ మారతారు. బొగ్గు కాలితే బూడిద మిగులుతుంది, చిట్టెం గడ్డకడుతుంది. కొన్ని గంటలు పరిగెత్తిన ఇంజనును పక్కకు తీసి, నిప్పు తోడి, బూడిద దులిపి, నీళ్లూ బొగ్గూ నింపాలి. మనుషుల సంగతీ అంతే. ఎక్కడో ఒకచోట దిగి, రన్నింగ్ రూములో వంటవాడు పెట్టింది తిని, నాలుగు గంటలు కునుకు తీసి, ఇంకో బండి పట్టుకుని ఇంటివైపు రావాలి. ప్రయాణికుల కథ బండితోపాటు సాగిపోతుంది. వీళ్ల కథ జంక్షనులో దిగి టిఫిన్ డబ్బా పట్టుకుని పట్టాలు దాటి పోతుంది. దాని వెంట పోయే ఓపిక కథకుడికి ఉండాలి.

మా చిట్యాలకు ఈ విషయంలో మాట్లాడే హక్కు ఉన్నదా అని మీరడగవచ్చు. మాది రోడ్డు మీది ఊరు. హైదరాబాదు-విజయవాడ రోడ్డు మీద లారీల చప్పుడు వింటూ పెరిగినవాళ్లం. బీబీనగర్-నడికుడి లైను పూర్తయింది 1989లో, అప్పటికి పొగబండికి పొద్దు వాలింది. మా చిన్నతనంలో బొగ్గింజను చూడాలంటే బస్సెక్కి భువనగిరి పోవాలి. అయినా మా మేనమామ వరసాయన ఒకరు సికింద్రాబాద్-కాజీపేట మధ్య 132 కిలోమీటర్లలో చాలా ఏళ్లు ఫైర్‌మన్‌గా పనిచేశారు. భువనగిరి, ఆలేరు, జనగాం, స్టేషన్ ఘన్‌పూర్ అని నేను ఊళ్ల పేర్లు చెబుతుంటే ఆయన నవ్వారు. “ప్యాసింజరుకు ఊర్లు యాదుంటయి అల్లుడా, మాకు చడావులు యాదుంటయి” అన్నారు. ఎక్కడ ఎత్తు మొదలవుతుందో దానికి ముందే నిప్పు సిద్ధం చేసుకోవాలట. బొగ్గు పలుచగా పరచాలి, మూలల్లోకి పోయేట్టు విసరాలి. దొడ్డుగా వేస్తే నిప్పు ముక్కు మూసుకుంటుంది. రెండో ఫైర్‌మన్ వెనక బొగ్గు పగలగొట్టి ముందుకు తోస్తుంటాడు. డ్రైవరు ఒక కంట సిగ్నలు, ఒక కంట నీళ్ల గాజుగొట్టం చూస్తుంటాడు. ఆ ముగ్గురూ గంటల తరబడి మాటల్లేకుండా ఒకరికొకరు అర్థం కావడం అనేది నవలకు సరిపోయే వస్తువు. మన భార్యాభర్తల కథల్లో అందులో సగం కూడా కనబడదు.

ఇంగ్లీషువాళ్ల దగ్గర ఈ కరువు లేదు. వాళ్ల రైలు పుస్తకాలు అలమారాలు నిండేటన్ని ఉన్నాయి. ఉన్న చిక్కల్లా వాటిలో ఇంజనుకు జరిగిన పట్టాభిషేకం మనిషికి జరగకపోవడం. 1928 మే 1న ‘ఫ్లయింగ్ స్కాట్స్‌మన్’ బండి లండను నుంచి ఎడిన్‌బరోకు ఎక్కడా ఆగకుండా పోవడం మొదలుపెట్టింది. దాదాపు 393 మైళ్లు. మన లెక్కలో సికింద్రాబాదులో బయల్దేరి కాజీపేట, బెజవాడల్లో ఆగకుండా గూడూరు దరిదాపులకు పోవడమన్నమాట. ఇంజను ఒకటే, మనుషులు రెండు జట్లు. అందుకోసం గ్రెస్లీ అనే ఇంజనీరు బొగ్గు టెండరు పక్కనుంచి ఒక సందు పెట్టించాడు, వెడల్పు 18 అంగుళాలు. రెండో జట్టు పెట్టెలో విశ్రాంతి తీసుకుని, సగం దారిలో, యార్క్ దాటాక, ఆ సందులోంచి నడిచివచ్చి పని అందుకునేది. నీళ్లు కూడా పట్టాల మధ్య తొట్లలోంచి పరుగు మీదనే తోడుకునేవారు.

ఈ సందు కొలతలు లేని పుస్తకం ఉండదు. జానెడు మీద జానెడు వెడల్పున్న ఆ చీకటి దారిలో, ఊగుతున్న బండిలో, చెమటతో తడిసిన మనిషి వెనక్కీ, నిద్ర కళ్ల మనిషి ముందుకీ పోతూ ఏమనుకున్నారో మాత్రం ఎప్పుడో గాని రాయరు. అప్పగింత మాటలేమిటి? “ఎడమ ఇంజెక్టరు మొరాయిస్తున్నది, చూసుకో” అన్నాడా, మాట్లాడకుండా పార చేతికిచ్చాడా? నాకు కావలసింది అది.

దూరపు డ్యూటీ అంటే పరాయి ఊళ్లో బస. ఆ బసల మీద ఎంత కసి ఉండేదంటే, కొత్తగా మరికొన్ని పెడతామనేసరికి 1949లో అక్కడి లోకో కార్మికులు ఆదివారాల్లో సమ్మె కట్టారు. మన దగ్గరా తక్కువ జరగలేదు. డ్యూటీ పది గంటలు దాటకూడదని లోకో రన్నింగ్ సిబ్బంది 1973 ఆగస్టులో సమ్మె చేసి ప్రభుత్వం చేత మాట ఇప్పించుకున్నారు. మరుసటి ఏడు మే 8న దేశమంతటా రైళ్లు ఆగిపోయిన సమ్మె సంగతి అందరికీ తెలిసిందే. సమ్మె కథ రాయబోయేవారికి నాదొక మనవి: జెండా ఎలాగూ కనబడుతుంది, పార కూడా కనబడనివ్వండి. పది గంటలు ఎందుకు కావాలో పార చూస్తేనే తెలుస్తుంది.

ఫ్రెంచి రచయిత ఎమిలీ జోలా 1890లో ‘మనిషిలోని మృగం’ అనే అర్థం వచ్చే పేరుతో నవల వేశాడు. రాసేముందు స్వయంగా ఇంజనెక్కి ప్రయాణం చేసి చూశాడు. అందులో డ్రైవరు తన ఇంజనుకు లిజోన్ అని ఆడపేరు పెట్టుకుంటాడు. మంచులో బండి కూరుకుపోయే ఘట్టం చదువుతుంటే మన అరచేతులు బొబ్బలెక్కుతాయి. చివర డ్రైవరూ ఫైర్‌మనూ కలబడి పడిపోతే, సైనికులతో నిండిన బండి నడిపేవాడు లేకుండానే దూసుకుపోతుంది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి, పని తెలిసి రాసిన నవల. కానీ జోలాకు పని ఒక్కటీ చాలలేదు. డ్రైవరుకు హత్యాపిశాచాన్ని కూడా తగిలించాడు. నిప్పూ నీళ్లూ చడావూ ఉండగా మళ్లీ హత్యలెందుకు చెప్పండి?

అందుకే నాకు నార్మన్ మెకిల్లాప్ మీద మక్కువ. ఎడిన్‌బరోలో ఎక్స్‌ప్రెస్ ఇంజన్లు నడిపిన డ్రైవరు. 1950లో తమ సంఘం చరిత్ర రాశాడు, 1958లో తనతోటి ఇంజను మనుషుల మీద మరో పుస్తకం వేశాడు. జోలా ముందు పెడితే శైలి వెలవెలబోవచ్చు. కానీ ఇంజను నడిపిన చేతి రాత అది.

మన దేశంలో పెద్ద లైను మీద బొగ్గింజన్ల కాలం 1995 డిసెంబరుతో ముగిసింది. 1970లో ఇరవై ఏళ్ల వయసులో షెడ్డులో చేరిన కుర్రవాడికి ఇప్పుడు డెబ్బై అయిదు దాటి ఉంటాయి. కాజీపేటలోనూ, డోర్నకల్‌లోనూ, బెజవాడలోనూ ఇలాంటివారు వాకిట్లో మంచం వేసుకుని కూర్చునే ఉన్నారు. అర్ధరాత్రి కాల్‌బాయ్ వచ్చి తలుపు తట్టి పుస్తకంలో సంతకం పెట్టించుకున్న సంగతి అడిగితే చాలు, మిగతాది వాళ్లే చెబుతారు. వాళ్లకు రాయడం రాదని మాత్రం అనకండి. డ్యూటీ దిగినప్పుడల్లా షెడ్డులో రిపేరు పుస్తకం తెరిచి, ఇంజను నంబరు వేసి, ఎక్కడ ఆవిరి కారుతున్నదో, ఏది బిగుసుకుపోయిందో రెండు ముక్కల్లో రాసి సంతకం చేసి ఇంటికి పోయినవాళ్లే.