నీటియొడ్డు ఇండ్లు, నూనెరంగులు

ఖరగ్‌పూరు రైలుబస్తీలో పుట్టిపెరిగిన తెలుగువారికి ఇంప్రెషనిస్టు చిత్రకళ దూరదేశపు విలాసముగా తోచుట సహజమే గాని, ఆ కళ పుట్టుకలో రైలుకు గల పాత్రను ఎరిగినచో ఆ దూరము చాలవరకు తరిగిపోవును. 1841లో జాన్ గాఫ్ ర్యాండ్ అను అమెరికా చిత్రకారుడు రంగును పిండుకొనుటకు వీలైన తగరపు గొట్టమునకు పేటెంటు పొందెను. అంతకు మునుపు పంది మూత్రాశయపు తిత్తులలో దాచిన నూనెరంగులను ఆరుబయటికి మోసికొనిపోవుట పెద్ద ప్రయాస. ఆ గొట్టములకు తోడు పారిస్ నుండి సేన్ నదీతీర గ్రామములకు రైళ్లు నడువగా, ఉదయమున బండియెక్కి సాయంత్రమునకు తడియారని కాన్వాసుతో ఇల్లుచేరగల చిత్రకారుల తరమొకటి బయలుదేరినది. ఆర్జాంతోయ్‌లో కాపురముండిన ఇంప్రెషనిస్టు చిత్రకారుడు మోనే ఒక నావనే చిత్రశాలగా చేసికొని, ఒడ్డున నున్న ఇండ్లతోపాటు అచ్చటి రైలువంతెనను సైతము చిత్రించెను. బండిలో కాన్సాయి నది వంతెన దాటి మేదినీపురము పోవువారికి ఆ దృశ్యము కొత్తది కాదు.

నీటియొడ్డు ఇల్లు ఆరుబయట చిత్రించు ఈ పద్ధతికి గట్టి పరీక్ష. గోడ కదలదు, నీరు నిలువదు. ఒకే కుంచె రెండు స్వభావములను పలుకవలెను. మోనే తోటి చిత్రకారుడైన సిస్లే 1876లో పోర్‌మార్లీ వరదను చిత్రించినపుడు, నీట నిలిచిన ద్రాక్షసారాయి వర్తకుని ఇంటిని ఎంత నెమ్మదిగా నిలిపెనో, దాని చుట్టునున్న నీటిని అంత చురుకైన పొట్టిగీతలతో కదలించెను. వరదలో సైతము ఆర్భాటము లేదు. నాకు మోనేకంటె సిస్లే ఇష్టుడగుటకు కారణమదియే.

ఇంటిని ముగించి నీటిలోని దాని నీడను తరువాత చూచుకొందమనువాడు చెడును. రెంటిని ఒకే వెలుగులో, రంగు తడిగా నున్నపుడే పట్టవలెను. మేదినీపురపు పల్లెలో చెరువుగట్టున నున్న మట్టియింటిని గమనింపుడు: ఒడ్డున నిలిచినవారికి గడ్డికప్పు విశాలముగా కనబడును, నీటిలోనో కప్పు కురుచయై, చూరు అడుగుభాగపు చీకటి బయటపడును, ఏలయన ప్రతిబింబము కంటిని నీటి క్రిందికి దించి చూపును. తెల్లని గోడ నీటిలో కొంత మసకబారును. చూరు నల్లదనము కొంత తేలికపడును. నిలువుగీతలతో ప్రతిబింబమును దించి, ఆరకముందే పొడికుంచెతో అడ్డముగా మెల్లగా లాగినచో నీటి పైపొర ఏర్పడును. నీడకు నల్లరంగు వలదు. నీలమునకు కొంత ఊదా కలిపి, ఎఱ్ఱమట్టి నేలనుండి ఎగయు వేడిమిని గోడ అడుగున సూచించిన చాలును.

వానకాలపు కాన్సాయి వేరొక పాఠము. ఒండ్రునీటికి తనదైన రంగుండుటచే ప్రతిబింబపు నలుపులన్నియు గోధుమవన్నెకు దిగును. నిర్మలజలమునకు చెప్పిన సూత్రములు ఇచ్చట సగమే పనిచేయును. అవిసెనూనె గాలిలోని ప్రాణవాయువుతో కలిసి గట్టిపడును గాని నీరింకినట్లు ఆరదు. కనుక ముసురురోజులలో మందముగా వేసిన రంగు ఎన్నో దినములు జిగటగానే యుండును. మొదట పలుచనిది, పిమ్మట నూనె హెచ్చైనది వేయవలెనను నియమమును మఱచినచో పైపొర పగులును.

బాంకుడా జిల్లా బేలియాతోడ్‌లో 1887లో జన్మించిన జామినీ రాయ్ సైతము తొలిదశలో ఇట్టి పాశ్చాత్య ఫక్కిలో నూనెరంగుల ప్రకృతిదృశ్యములు రచించి, పిమ్మట వానిని విడిచి పటచిత్రపు గట్టిరేఖలను ఆశ్రయించెను. ఆయనకు కీర్తి తెచ్చినది ఆ రేఖయే. అయినను చదునైన రంగులలో ఒదుగని బంగాళపు తేమగాలిని పట్టుటకు, ఆయన విడిచిన తడికుంచెయే తగినదని నా తలంపు.