నిప్పురవ్వ జాడ

వైరా జలాశయపు కాలువల క్రింద వరియు, ఆవలి మెట్టచేలలో ప్రత్తియు మిరపయు పండించు రైతునకు పాత మోటారు సైకిలు విలాసవస్తువు కాదు. ఎరువు బస్తాను చేనికి చేర్చునదియు, జ్వరపడిన బిడ్డను ఆసుపత్రికి కొనిపోవునదియు అదియే. వానలో తడిసిన మరునాడు ఎన్ని కిక్కులు కొట్టినను అది మొండికేసినచో, అతడు దానిని నెట్టుకొని వచ్చునది రహదారి ప్రక్కన రేకుల నీడలో నడచు మెకానిక్ షెడ్డుకే. “ప్లగ్గుకు కరెంటు వస్తలేదు” అని మేస్త్రీ పలుకు ఆ చిన్నమాట వెనుక, గురువు ప్రక్కన కూర్చుండి కన్నులతో నేర్చి, చేతులతో సాధించిన ఒక పరీక్షాక్రమము కలదు. ఆ క్రమమే ఈ విద్యకు ప్రాణము.

మైకేల్ ఫారడే 1831లో నిరూపించిన విద్యుత్ప్రేరణ సూత్రమే ఈ నిప్పురవ్వకు మూలము. మ్యాగ్నెట్టు తిరుగుటవలన పుట్టిన స్వల్పవిద్యుత్తు, హెచ్.టి. కాయిల్‌లో వేలకొలది వోల్టులకు పెరిగి, ప్లగ్గు మొనల నడుమనున్న సందును దూకును. రాజ్‌దూత్ వంటి బండ్లలో ఆ దూకుటకు తగిన క్షణమును నిర్ణయించునవి పాయింట్లు. 1985లో వచ్చిన యమహా ఆర్‌ఎక్స్ 100లో ఆ పని సీడీఐ అను ఎలక్ట్రానిక్ పెట్టెది.

పరీక్ష ప్లగ్గుతో ఆరంభమగును. దానిని విప్పి, క్యాపులో పెట్టి, లోహపు మరను ఇంజనుకు గట్టిగా ఆనించి, నీడపట్టున కిక్కు కొట్టి చూడవలెను. చిటపటలాడు నీలిరవ్వ ఆరోగ్యమునకును, ఎఱ్ఱని నీరసపురవ్వ దౌర్బల్యమునకును గురుతులు. ప్లగ్గును చేతితో పట్టరాదు. విప్పిన రంధ్రమునకు దాపున ఉంచరాదు, అందుండి వెలువడు పెట్రోలు ఆవిరి అంటుకొనగలదు. ఎర్తు లేకుండ గాలిలో వ్రేలాడనీయరాదు, సీడీఐ చెడగలదు. రవ్వ కానరానిచో మంచిదని తెలిసిన వేఱొక ప్లగ్గును పెట్టి చూచి, అప్పటికిని ఫలము లేనిచో క్యాపును మరత్రిప్పి ఊడదీసి, వైరు కొనలో పచ్చబడిన భాగమును కత్తిరించి, శుభ్రమైన కొనకు క్యాపును మరల బిగింతురు. వానకాలపు రోగములు పెక్కు ఇచ్చటనే కుదురును.

పిమ్మట చూడవలసినది స్విచ్చి వైరు. మ్యాగ్నెట్టు బండ్లలో తాళపుచెవి కరెంటును ఎర్తునకు మళ్లించి ఇంజనును ఆపును. కావున హ్యాండిలు మెడవద్ద, తిప్పిన ప్రతిసారియు ఒరసికొని, తొడుగు చిట్లిన సన్నని వైరు ఫ్రేమునకు తగిలినను బండి ఆగిపోవును. అనుభవజ్ఞుడు ఆ వైరును కనెక్టరు వద్ద విడదీసి మరల కిక్కు కొట్టును. రవ్వ కనబడెనా, దోషము స్విచ్చి వైపే. లేనిచో కాయిల్ బోల్టు క్రింది తుప్పును ఎమరీ కాగితముతో గీకి ఎర్తు సరిచేయును. పాయింట్ల బండియైనచో మూత విప్పి, నూనెమరకను తుడిచి, ఫీలర్ గేజితో సందును చూచును. సాధారణముగా అది సుమారు 0.4 మిల్లీమీటరు. పాయింట్లు మాటిమాటికి కాలి నల్లబడుచున్నచో అనుమానము వాటికి జతగానుండు కండెన్సరుపైకి పోవును.

అటుపిమ్మటనే మీటరుతో కాయిళ్ల కొలత. చల్లగానున్నప్పుడు సరిగానున్న కాయిల్ వేడెక్కిన పిదప తెగవచ్చును గనుక, “కొంతదూరము పోయినాక ఆగుతున్నది” అను యజమాని మాటను మేస్త్రీ శ్రద్ధగా వినును. సీడీఐని సామాన్యపు మీటరుతో తేల్చుట కష్టము. అదే రకపు బండినుండి మంచిదానిని తెచ్చి మార్చి చూచుటే ఉపాయము, అదియును తక్కినవన్నియు నిర్దోషములని తేలిన తరువాతనే.

ఈ విద్య గొప్పతనము ఇందే కలదు: ఖర్చులేని పరీక్ష ముందు, ఖరీదైన సామాను వెనుక. తొందరపడి కాయిల్, సీడీఐ వరుసగా మార్చువాడు రవ్వ తెప్పింపగలడేమో కాని, దోషమెచ్చటనుండెనో ఎన్నడును ఎఱుగడు. ఆ అజ్ఞానమునకు వెల చెల్లించువాడు పంటడబ్బు కొఱకు ఎదురుచూచు రైతు.

2020 ఏప్రిల్ నుండి బీఎస్-6 ఉద్గార నియమములు వచ్చుటతో క్రొత్త బండ్ల లోపములను స్కానరు చెప్పుచున్నది. అయినను అది చెప్పునది ఏ సర్క్యూటులో లోపమనియే. ఆ సర్క్యూటులో వైరు ఎక్కడ ఒరసికొన్నదో వెదకవలసినది మనుష్యుడే. కావున ఐటీఐ విద్యార్థులు స్కానరుతో పాటు ఈ షెడ్ల క్రమమును గూడ అభ్యసింపవలెను. పాత యంత్రములు కాలగర్భమున కలిసిపోయినను, నిరూపింపక నిందమోపరాదను ఈ నియమము చేతిపని ఉన్నంతకాలము అవసరమే.