పద్నాలుగు శాతం ఎవరిది?

హైటెక్ సిటీ సూపర్‌మార్కెట్లలో పెరుగు పక్కన కనిపించే యాకుల్ట్ సీసాలో లాక్టోబాసిల్లస్ కేసీ షిరోటా అనే బ్యాక్టీరియా ఉంటుంది. దీనిపై కోల్‌కతా మురికివాడలో జరిగిన పరీక్ష 2011లో ప్రచురితమైంది. 1–5 ఏళ్ల పిల్లలు 3,758 మందిని యాదృచ్ఛికంగా రెండు సమూహాలు చేసి, 12 వారాలపాటు రోజూ ఒక సమూహానికి ఈ పానీయం, రెండోదానికి పోషక పానీయం ఇచ్చారు. మరో 12 వారాలు గమనించారు. ప్రోబయోటిక్ సమూహంలో అతిసారం 14 శాతం తక్కువ.

ఈ అంకె దగ్గర కాస్త ఆగండి. ఏడాది లెక్కన ఒక్కో పిల్లవాడికి 1.03 సార్లు రావలసిన అతిసారం 0.88 సార్లకు తగ్గింది. అంటే వందమంది పిల్లలకు ఏడాదికి పదిహేను విడతలు తక్కువన్నమాట. అటువంటి వాడలో అది చిన్న లాభం కాదు. పోలికకు ఉత్త నీళ్లు కాక పోషక పానీయం ఇవ్వడమూ మెచ్చదగినదే.

నా అభ్యంతరం పరీక్షపై కాదు, దాని అన్వయంపై. మాదాపూర్‌లో శుద్ధిచేసిన నీరు తాగుతూ, రాత్రి షిఫ్టులతో అజీర్తి తెచ్చుకున్న ముప్పై ఏళ్ల ఉద్యోగి ఆ 3,758 మందిలో లేడు. అక్కడ కొలిచింది పిల్లల అతిసారాన్ని, అతని అజీర్తిని కాదు. మనం ఇంట్లో తోడుపెట్టే పెరుగుకూ ఈ ఫలితాన్ని అంటగట్టకూడదు. పెరుగు మంచిదే, కానీ తోడులో ఉన్నది ఆ షిరోటా రకం కాదు.