‘రాష్ట్రం’ రాసి చూడండి

ఏ ఇంకు పెన్ను కొనమంటారని నన్ను అడిగేవాళ్లు ఈమధ్య ఎక్కువయ్యారు. అందరూ అప్పటికే జపాన్ పెన్నులు రెండింటిని పట్టుకుని తేల్చుకోలేక ఉంటారు. పైలట్ కస్టమ్ 74 కొనాలా, కస్టమ్ హెరిటేజ్ 91 కొనాలా? సెయిలర్ 1911 మేలా, ప్రో గేర్ మేలా? ఫొటోలు పక్కపక్కన పెట్టుకుని ఎంతసేపు చూసినా తేలదు. వాళ్లు చూసేది పెన్ను ఒళ్లు, రాసేదేమో పాళీ.

పైలట్ పేర్లలోని అంకెలకు ఒక లెక్క ఉంది. కంపెనీ పుట్టింది 1918లో. పెన్ను వచ్చేనాటికి కంపెనీ వయసెంతో మొదటి రెండంకెలు చెబుతాయి. 74 అంటే 1992, 91 అంటే 2009. మూడో అంకె ఉంటే అది మొదట పెట్టిన ధర, పదివేల యెన్లలో. 742 ఇరవై వేలకు, 743 ముప్పై వేలకు వచ్చాయన్నమాట. ధరలు తర్వాత పెరిగాయి, పేర్లు అలాగే ఉన్నాయి. 74కి రెండు కొసలూ గుండ్రం, 91కి చదును. లోపల మాత్రం రెండింటికీ అదే అయిదో నంబరు, 14 కారెట్ల పాళీ. 742, 912లకు పదో నంబరు, 743కి పదిహేనో నంబరు. పాళీ పెద్దదయ్యేకొద్దీ చేతికి మెత్తగా తగులుతుంది గానీ గీత మందం పెద్దగా మారదు. సెయిలర్‌లోనూ ఇదే కథ. 1911 కొసలు గుండ్రం, ప్రో గేర్ కొసలు చదును. కాబట్టి ఒంటి సంగతి కంటికే వదిలేయండి. నచ్చింది తీసుకోండి.

మనవాళ్లు బంగారం అనగానే ఎన్ని కారెట్లని అడుగుతారు. సెయిలర్‌లో 14 ఉంది, 21 ఉంది. 21 అయితే రాత ఇంకా బాగుంటుందని ఆశ. కానీ ఆ బంగారం కాగితాన్ని తాకనే తాకదు. మెత్తని లోహం కదా, తాకితే అరిగిపోతుంది. అందుకే కొసన గట్టి లోహపు గింజ ఒకటి అతికించి, మధ్యలో సన్నగా చీల్చి, సానబెడతారు. ఇంకు తినేయకుండా ఉండటం, కాస్త వంగి మళ్లీ నిలబడటం, ఇవే బంగారం పనులు. నున్నదనం, మందం అన్నీ ఆ గింజ సానలోనే తేలిపోతాయి.

మా వజ్రకరూరులో తొలకరి పడితే చాలు, ఎక్కడెక్కడి జనమో వచ్చి చేలల్లో వంగి వజ్రాలు వెతుకుతారు. రాయి దొరికితే వ్యాపారి పది రెట్లు చూపే భూతద్దం కంటికి ఆనించుకుంటాడు. నా బల్ల మీద అలాంటిదే ఒకటి పాళీల కోసం ఉంది. అందులోంచి కొసను ఎదురుగా చూస్తే చీలికకు అటూ ఇటూ ఉన్న రెండు పలుకులూ ఒక మట్టానికి ఉన్నాయో, ఒకటి పైకి లేచిందో తెలిసిపోతుంది. లేచి ఉంటే పెన్ను ఒక పక్కకు నున్నగా జారి, ఇంకో పక్కకు గీరుతుంది. అది సరిచేయదగిన లోపమే, పెన్ను జాతికి సంబంధించింది కాదు.

ఇక లిపి సంగతి. జపాన్‌వాళ్లు కంజి అక్షరంలో ఒక చిన్న గడిలోనే పది పదిహేను గీతలు ఇరికిస్తారు. అందుకే వాళ్ల ఫైన్ పాళీ యూరప్ ఫైన్ కన్నా సన్నం. ఆ గీత ఒకచోట ఆగుతుంది, ఒకచోట కొక్కెంలా తిరుగుతుంది, ఒకచోట కుంచెతో విసిరినట్టు సాగిపోతుంది. ఈ నడకలకు తగ్గట్టే పైలట్ పదో నంబరులో 15 రకాల పాళీలు చేస్తుంది. వాటిలో ఫాల్కన్‌కు భుజాలు కోసేసి ఉంటాయి, నొక్కితే గీత వెడల్పవుతుంది. పోస్టింగ్ కొస కిందికి వంచి ఉంటుంది, గట్టిగా నొక్కినా సన్నగానే రాస్తుంది. వేవర్లీ కొస పైకి లేచి ఉంటుంది, పెన్ను ఎంత వాల్చి పట్టినా నున్నగా పోతుంది.

మన అక్షరానికి ఆ ఆగడాలు, విసరడాలు లేవు. మొదలుపెట్టిన గీత చుట్టు తిరిగి, మళ్లీ తిరిగి, కిందినుంచి పైకి ఎగబాకి గానీ వదలదు. పాళీని లాగడం ఎంతో, ముందుకు తోయడమూ అంతే. మెత్తని పాళీతో ‘లు’ రాస్తే ఒక చుట్టు లావుగా, ఇంకో చుట్టు పలచగా వస్తుంది. పోస్టింగ్‌తో రాస్తే గీత ముచ్చటగానే ఉంటుంది, పైకి తోసినప్పుడల్లా నా చేతికి గరుకు తగులుతుంది. ఫైన్ కన్నా మందమైన మీడియంతో ‘రాష్ట్రం’ రాసి చూడండి. ష కింద టవత్తు, దాన్ని చుట్టుకుని రవత్తు. రూళ్ల మధ్య ఉన్న కాస్త జాగాలో టవత్తు కడుపు ఇంకుతో పూడిపోతుంది. ‘థ’ పొట్టలోని చుక్క చుట్టూ ఖాళీ మిగలకపోతే అది ‘ధ’ అయి కూర్చుంటుంది. పెద్ద చేతిరాత అయితే ఫైన్ మీడియం, చిన్నదైతే ఫైన్, గట్టి పాళీ, గుండ్రని గింజ. తెలుగు రాసేవాళ్లకు నేను చెప్పేది ఇదే. అంత డబ్బు పెట్టే ముందు ఒకటి చేయొచ్చు. పైలట్‌లోనే చవకైన కాకునో, మెట్రోపాలిటన్‌ల ఉక్కు పాళీలు ఒకదాంట్లోంచి తీసి ఇంకోదాంట్లో పెట్టుకోవచ్చు. మీ చేతికి ఫైనో మీడియమో అక్కడే తెలిసిపోతుంది.

మా ఎండ సంగతీ చూసుకోవాలి. ఇక్కడ వేసవిగాలికి, మాట తట్టక పెన్ను తెరిచి పట్టుకున్న కాసేపట్లోనే కొస ఎండిపోతుంది. జపాన్‌దే మరో కంపెనీ ప్లాటినమ్ చేసే 3776 సెంచురీ ఇందుకే నాకు ఇష్టం. ఆ అంకె ఫ్యూజీ కొండ ఎత్తు, మీటర్లలో. 2011లో వచ్చిన ఈ పెన్ను మూతలో స్ప్రింగుతో బిగిసే లోపలి మూత ఇంకొకటి ఉంది. రెండేళ్లు ముట్టకపోయినా ఇంకు ఎండదని కంపెనీ మాట. ఎండాకాలంలో మూలన పడేసినా నాది మూత తీయగానే రాస్తుంది. పాళీ మాత్రం పైలట్ అంత జారదు, కాగితాన్ని కాస్త పట్టుకుంటుంది. ఆ పట్టు నచ్చేవాళ్లు ఉన్నారు, నేనూ అందులోవాణ్ణే. ఉరవకొండలో, గుంతకల్లులో దొరికే నోటుపుస్తకాల్లో ఇంకు పాకుతుంది. సన్నపాళీ ఇంకు తక్కువ వదులుతుంది కాబట్టి అక్కడా గట్టెక్కుతాం.

పెన్ను గురించి తెలుగునేల మీద ఒకప్పుడు వేరే ప్రశ్న నడిచింది. గాంధీజీ స్వదేశీ మాటతో కె.వి. రత్నం రాజమండ్రిలో పెన్నుల తయారీకి దిగారు. రత్నం పెన్ను గాంధీజీ అనుచరుడు కుమారప్ప చేతిమీదుగా ఆయనకు చేరింది. బజార్లో దొరికే విదేశీ పెన్నులకు ఇది బదులుగా పనికొస్తుందని 1935లో గాంధీజీ జాబు రాశారు. ఎబొనైట్ కడ్డీని లేతు మీద తిప్పి, చేత్తో నున్నచేసే ఆ పని రాజమండ్రిలో ఇప్పటికీ ఉంది. ఆనాటి ప్రశ్న, పెన్ను ఎక్కడ తయారైందని. ఏ లిపి కోసం సానబెట్టారన్నది మనం ఇంకా అడగలేదు.

షాపులో పెన్ను చేతికిస్తే అందరం చేసేది ఒకటే. ఇంగ్లీషులో ఒక సంతకం, రెండు సున్నాలు, అంతే. ఆ పరీక్షలో నెగ్గని పాళీ ఉండదు. మీ నోటుపుస్తకం వెంట తీసుకెళ్లి, మీరు రోజూ రాసే సైజులో ‘రాష్ట్రం’, ‘స్త్రీ’, ‘అతిథి’ రాయండి. వత్తు పూడితే పూడిందని, పైకి తోసినప్పుడు గీరితే గీరిందని షాపువాడికి చెప్పండి. జపాన్‌లో పాళీలు 15 రకాలయ్యాయంటే అక్కడ రాసేవాళ్లకు తమ అక్షరం మీద పట్టింపు ఉంది, కొనేముందు దాన్ని నోరు తెరిచి చెప్పారు. రాజమండ్రిలో సానరాయి ఉంది, పనితనం ఉంది. తెలుగుకు ఒక పాళీ కావాలని అడిగే గిరాకీ రావడమే తరువాయి.