ఏస్ గిల్ ఎత్తు మీద బొగ్గింజను

ఎత్తు ఎక్కుతున్న ఆవిరి ఇంజనులో బాయిలర్ నీళ్లు వెనక్కి, నిప్పుగది వైపుకి జారతాయి. నీటిమట్టం చూపించే గాజుగొట్టం కూడా ఆ వెనకవైపే, డ్రైవరు కళ్లెదుట ఉంటుంది కాబట్టి అది ఉన్న నీళ్లకంటే ఎక్కువ చూపిస్తుంది. శిఖరం దాటి ఇంజను ముక్కు కిందికి వాలగానే నీళ్లు ముందుకి వెళ్లిపోతాయి, గొట్టంలో మట్టం ఒక్కసారిగా పడిపోతుంది. ఆ క్షణాన నిప్పుగది పైకప్పు మీద నీళ్లు లేకపోతే లోహం ఎర్రగా కాలి మెత్తబడిపోతుంది. అక్కడ అమర్చిన సీసపు బిరడాలు కరిగి హెచ్చరిస్తాయి గానీ, అందాకా రానిచ్చిన ఫైర్‌మ్యాన్‌కి అది తీరని అవమానం. అందుకే అతను శిఖరానికి ఎన్నో మైళ్ల ముందే లెక్క వేసుకుంటాడు. ఇప్పుడు చన్నీళ్లు ఎక్కిస్తే ఆవిరి ఒత్తిడి తగ్గి బండి ఎత్తు మీద చతికిలబడవచ్చు. ఎక్కించకపోతే అవతలి వైపు ప్రమాదం.

ఉత్తర ఇంగ్లండ్‌లో సెటిల్, కార్లైల్ ఊళ్ల మధ్య సుమారు 116 కిలోమీటర్ల కొండదారిలో ఈ లెక్క ఇవాళ్టికీ నడుస్తోంది. 1876లో ప్రయాణికుల రైళ్లు మొదలైన ఆ దారికి అన్నిటికంటే ఎత్తైన చోటు ఏస్ గిల్, సముద్రమట్టానికి 356 మీటర్లు. రిబుల్‌హెడ్ దగ్గర 24 కమానుల రాతి వంతెన, బ్లీ మూర్ కింద రెండున్నర కిలోమీటర్లకు కాస్త తక్కువైన సొరంగం, చుట్టూ గొర్రెలు తప్ప మనిషి కనిపించని బయళ్లు. చార్టర్ రైళ్ల అభిమానులకు ఇంతకుమించిన దారి లేదు. ఈ దేశంలో ఉంటున్న నేను సెలవు దొరికినప్పుడల్లా ఎక్కేది ఈ దారి మీద నడిచే బొగ్గింజను రైళ్లే.

చార్టర్ రైలు అంటే ఒక సంస్థ పాత ఇంజనునీ పెట్టెలనీ సమకూర్చుకుని, మామూలు రైళ్ల మధ్య తనకంటూ ఒక సమయం తీసుకుని, టికెట్లు అమ్మి నడిపే రైలు. పొద్దున్నే బయలుదేరి రాత్రికి వెనక్కి వస్తుంది. కంబ్రియన్ మౌంటెన్ ఎక్స్‌ప్రెస్ అనే పేరుతో నడిచే రైళ్లు చాలాసార్లు షాప్ అనే మరో ఎత్తు మీదుగా ఉత్తరానికి వెళ్లి, కార్లైల్‌లో కాసేపు ఆగి, ఏస్ గిల్ మీదుగా దక్షిణానికి తిరిగొస్తాయి. ఎక్కినవాళ్లలో చాలామందికి కార్లైల్‌లో పనేమీ ఉండదు. వాళ్లు వచ్చింది ఆ రెండు ఎత్తుల కోసం, ముందు కట్టిన ఇంజను కోసం.

అలవాటు పాతదే. 1928లో ఏర్పడిన రైల్వే కరస్పాండెన్స్ అండ్ ట్రావెల్ సొసైటీ 1938లోనే, మ్యూజియం నుంచి బయటికి తెచ్చిన స్టిర్లింగ్ ఇంజను వెనక తన సభ్యులకోసం ఒక రైలు నడిపించుకుంది. అసలు మలుపు మాత్రం 1968 ఆగస్టు 11. ఆ రోజు బ్రిటిష్ రైల్ సంస్థ ప్రధాన మార్గాల మీద తన చివరి ఆవిరి ప్రయాణికుల రైలును లివర్‌పూల్ నుంచి మాంచెస్టర్ మీదుగా కార్లైల్‌కీ, అక్కడి నుంచి వెనక్కీ నడిపింది. టికెట్ 15 గినీలు, అప్పట్లో చాలా పెద్ద సొమ్ము. ఆ రైలు వెళ్లింది ఏస్ గిల్ మీదుగానే. దారి పొడవునా జనం గట్లమీద నిలబడి చూశారు. మర్నాటి నుంచి ఆవిరి ఇంజన్లకు నిషేధం. అలన్ పెగ్లర్ అనే ఆయన 1963లో సొంతానికి కొనుక్కున్న ఇంజను ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కి మాత్రం ముందే రాసుకున్న ఒప్పందం వల్ల మినహాయింపు దొరికింది. 1971 అక్టోబరులో కింగ్ జార్జ్ ఫైవ్ అనే ఇంజనుతో నిషేధం సడలింది, చార్టర్ రైళ్లు మళ్లీ మొదలయ్యాయి.

ఈ రైళ్లలో కిటికీలోంచి బయటికి చూసేవాళ్లకంటే చెవులు రిక్కించేవాళ్లే నాకు గొప్పగా కనిపిస్తారు. ఇంజనుకి వీలైనంత దగ్గరి పెట్టెలో చోటు చూసుకుంటారు. రెండు సిలిండర్ల ఇంజనయితే చక్రం ఒక్కసారి తిరిగేసరికి పొగగొట్టం నుంచి నాలుగు చప్పుళ్లు వస్తాయి. మూడు సిలిండర్లుంటే ఆరు. అన్నీ సమానంగా లేక ఒకటి బలహీనంగా వినిపిస్తే వాల్వుల అమరికలో తేడా ఉందని పెట్టెలో కూర్చునే చెప్పేస్తారు. ఆరడుగుల చక్రాలున్న బ్లాక్ ఫైవ్ ఇంజను గంటకు 30 మైళ్ల వేగంతో వెళ్తుంటే సెకనుకు తొమ్మిది చప్పుళ్లు. అంతకు మించితే చెవికి విడివిడిగా అందవు, ఒకటే గర్జన. డ్రైవరు సిలిండర్లలోకి ఆవిరిని ఎంతసేపు వదులుతున్నాడో కూడా ఆ శబ్దంలోనే తెలుస్తుంది. బయలుదేరేటప్పుడు పిస్టన్ ప్రయాణంలో ముప్పాతిక వంతు దాకా ఆవిరి వదులుతాడు, శబ్దం దద్దరిల్లుతుంది. వేగం అందుకున్నాక నాలుగో వంతుకి తగ్గించి, మిగతా పనిని ఆవిరి తనంతట తాను వ్యాకోచించి చేసేలా చూస్తాడు. అప్పుడు శబ్దం పొట్టిగా, కరుకుగా మారుతుంది. బొగ్గు ఆదా అయ్యేది అక్కడే.

తర్వాతి పని కొలవడం. బ్రిటన్‌లో పట్టాల పక్కన ప్రతి పావు మైలుకీ ఒక రాయి ఉంటుంది. రెండు రాళ్ల మధ్య 15 సెకన్లు పడితే గంటకు 60 మైళ్లు, 30 సెకన్లు పడితే 30 మైళ్లు. ఒక చేతిలో స్టాప్‌వాచ్, ఒళ్లో నోటుపుస్తకం పెట్టుకుని రాయి రాయికీ సెకన్లు రాసుకుంటూ పోయేవాళ్లు ప్రతి చార్టర్ రైల్లోనూ ఉంటారు. ఇప్పుడు జీపీఎస్ ఉన్నా గడియారం వదలరు. రాయి కనిపించని చీకట్లోనూ, పొగమంచులోనూ పట్టాల అతుకుల చప్పుడే ఆధారం. 60 అడుగుల పట్టాలయితే 41 సెకన్లలో ఎన్ని అతుకులు దాటితే గంటకు అన్ని మైళ్లు. మన దేశంలో 13 మీటర్ల పట్టాలున్న చోట 47 సెకన్లలో లెక్కపెడితే నేరుగా కిలోమీటర్లే వస్తాయి. పట్టాలను పొడవుగా వెల్డింగ్ చేశాక ఈ విద్య పక్క దారుల మీదే మిగిలింది, అవకాశం దొరికితే పిల్లలకు చూపించండి.

ఈ నోటుపుస్తకాలకు పెద్ద చరిత్ర ఉంది. రైల్వే మ్యాగజైన్ అనే పత్రిక 1901లో చార్ల్స్ రౌస్-మార్టెన్ చేత ఇంజన్ల పనితీరు మీద ఒక శీర్షిక మొదలుపెట్టించింది. ఆయన తర్వాత సెసిల్ జె. ఆలెన్ దాన్ని దాదాపు అర్ధ శతాబ్దం నడిపాడు. 1904లో సిటీ ఆఫ్ ట్రూరో ఇంజను గంటకు 100 మైళ్లు దాటిందన్న వాదనకు ఆధారం ఆ రోజు అదే రైల్లో ఉన్న రౌస్-మార్టెన్ గడియారమే. ఒక మనిషి చేతి గడియారం చాలదని వాదించేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. 1934లో ఫ్లయింగ్ స్కాట్స్‌మన్ అదే వేగం అందుకున్నప్పుడు వెనక కొలత పరికరాల పెట్టె ఉంది కాబట్టి ఆ రికార్డుకి తిరుగులేకపోయింది.

సెకన్లనుంచి శక్తి లెక్కకి వెళ్లడం సరదాపడేవాళ్లకు అసలు పండగ. ఇంజనూ పెట్టెలూ కలిసి 610 టన్నులనుకోండి. ఏస్ గిల్ ముందు దారి ప్రతి 100 మీటర్లకీ ఒక మీటరు లేస్తుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగం నిలుపుకోవాలంటే, ఆ బరువును పైకెత్తడానికే 830 కిలోవాట్ల చిల్లర, అంటే 1,100 హార్స్‌పవర్ పైచిలుకు కావాలి. గాలినీ చక్రాల రాపిడినీ తట్టుకోవడానికి అయ్యేది దీనికి అదనం. రైలు వెనక సాయానికి డీజిల్ ఇంజను కట్టి ఉంటే, అది తోసిందో లేదో తేలేదాకా ఆ రోజు లెక్కలకు విలువ లేదు. ఈ పట్టుదల నాకు నచ్చుతుంది. ఇంజను నిజంగా చేసిన పనికే మార్కులు వేయాలి.

ఆ శక్తంతా ఒక మనిషి పారతో వేసే బొగ్గులోంచే రావాలి. దక్షిణానికి వచ్చే రైలు ఆపిల్‌బీలో నీళ్లు పట్టుకుని బయలుదేరాక శిఖరం దాకా 28 కిలోమీటర్లు. ఆర్మ్‌సైడ్ వంతెన దాటగానే ఎత్తు మొదలై కిర్క్‌బీ స్టీఫెన్ మీదుగా దాదాపు తెరిపి లేకుండా సాగుతుంది. ఫైర్‌మ్యాన్ ఆపిల్‌బీలో ఆగి ఉండగానే మంటను సిద్ధం చేసుకోవాలి. బొగ్గు పరుపు చేటలా ఉండాలి, వెనక మూలల్లోనూ తలుపు కిందా లోతుగా, ముందుకి పోయేకొద్దీ పలచగా. ఇంజను కుదుపుకి బొగ్గు తనంతట తానే ముందుకి జరుగుతుంది. ఒకేసారి గుప్పించకుండా కొంచెం కొంచెం, మాటిమాటికీ వేయాలి. తెల్లగా భగభగలాడే మంటలో ఎక్కడ గుంట పడిందో మామూలు కంటికి కనపడదు. పారను తలుపులోకి వాల్చి పట్టుకుంటే దాన్ని తాకి గాలి పక్కకి మళ్లుతుంది, ఆ సందులోంచి లోపలి పరుపు కనిపిస్తుంది. పొగగొట్టంలోంచి నల్లటి పొగ వస్తుంటే గట్టుమీది ఫొటోగ్రాఫర్లు సంతోషిస్తారు గానీ అది కాలకుండా పోతున్న బొగ్గు. పలచటి బూడిదరంగు పొగ రావాలి. సొరంగం ముందు డ్రైవరు ఆవిరి ఆపుతుంటే మంట తలుపులోంచి వెనక్కి ఎగదన్నకుండా బ్లోయర్ తెరవాలి. వీటన్నిటి మధ్యా నీళ్ల లెక్క ఉండనే ఉంది.

ఇదంతా మ్యూజియంలో ఎందుకు దాచలేమని కొందరు అడుగుతారు. యార్క్ మ్యూజియంలో గంటకు 126 మైళ్లు వెళ్లిన మల్లార్డ్ ఇంజను ఉంది, 1938 జూలై 3 నాటి రికార్డు. తప్పకుండా చూడవలసిందే. కానీ అక్కడ దాగి ఉన్నది ఇనుము. దాన్ని పరిగెత్తించిన జో డడింగ్టన్, టామీ బ్రే చేతుల్లోని పని అక్కడ లేదు. ఆ పని మనిషి నుంచి మనిషికి, కదులుతున్న ఇంజను మీదే అందుతుంది. 1951లో వేల్స్‌లోని తాలిఖ్లిన్ రైలుమార్గాన్ని స్వచ్ఛంద సేవకులు నడపడం మొదలుపెట్టాక బ్రిటన్ అంతటా అలాంటి చిన్న మార్గాలు వెలిశాయి, అవి కొత్తవాళ్లకు మంచి బడి. అయితే అక్కడ సాధారణంగా వేగం గంటకు 25 మైళ్లకు మించదు. పది పన్నెండు పెట్టెలతో, వెనక వేగంగా వస్తున్న కరెంటు రైలుకి అడ్డం పడకుండా, షాప్ ముందు 75 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తును ఎక్కించడం నేర్పేది ప్రధాన మార్గమే. టికెట్ కొన్నవాడు ఆ పాఠానికి ఫీజు కడుతున్నాడని నా నమ్మకం.

ఆ సొమ్ము ఊరికే పోదు. పదేళ్లు తిరిగేలోపే బాయిలర్‌ని విప్పి బాగుచేయాలి. ఫ్లయింగ్ స్కాట్స్‌మన్‌కి 2016లో ముగిసిన మరమ్మతు 42 లక్షల పౌండ్లు మింగింది. ఇంజను వెనకే ఉండే పెట్టెలో ప్రయాణం చేస్తూ నూనె పోసేవాళ్లు, బూడిద ఎత్తేవాళ్లు చాలామంది జీతం తీసుకోని మనుషులే. పాతవాటిని కాపాడటంతో ఆగకుండా, చందాలతో టోర్నడో అనే ఇంజనును డార్లింగ్టన్‌లో కొత్తగా కట్టి 2008లో పట్టాలెక్కించారు. అది 2017లో పరీక్షా పరుగులో గంటకు 100 మైళ్లు అందుకుంది. కష్టాలు లేకపోలేదు. బ్రిటన్‌లో గనులు మూతపడి బొగ్గు బయటి దేశాల నుంచి తెచ్చుకోవలసి వస్తోంది. సిగ్నళ్లు డ్రైవరు ముందున్న తెరమీదికి మారుతున్నాయి, ఆ పరికరాలను పాత ఇంజన్లకీ అమర్చాలి.

మన దేశంలో బ్రాడ్‌గేజ్ మీద ఆవిరి 1995 డిసెంబరు దాకా నడిచింది. 1855లో లీడ్స్‌లో తయారైన ఫెయిరీ క్వీన్ 1997లో ఢిల్లీ నుంచి ఆల్వార్‌కి మళ్లీ ప్రయాణికులను తీసుకెళ్లింది. రేవారి షెడ్డులో కొన్ని ఇంజన్లు ప్రాణంతో ఉన్నాయి. డార్జిలింగ్‌లో ఇంజను ముందు కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. మన తెలుగు నేలమీద మాత్రం ఆ పని తెలిసినవాళ్లే మిగిలారు. నెల్లూరు జిల్లా బిట్రగుంట ఆవిరి ఇంజన్ల షెడ్డు చుట్టూ పెరిగిన ఊరు. కాజీపేటలోనూ అలాంటి కుటుంబాలు ఉన్నాయి. బూడిద ఎక్కువుండే మన బొగ్గుతో డబ్ల్యూపీ రకం ఇంజనుని వేళకి నడిపినవాళ్ల పనితనం ఏ ఇంగ్లిషు ఫైర్‌మ్యాన్‌కీ తీసిపోదు.

వాళ్లలో చాలామందికి ఇప్పుడు వయసు మీదపడింది. మీ ఇంట్లో గానీ వీధిలో గానీ అలాంటి తాతగారుంటే దగ్గర కూర్చోండి. బొగ్గు ముందు ఏ మూల వేసేవారో, నాసి బొగ్గు వచ్చినరోజు ఏం చేసేవారో, ఎత్తుకి ముందు నీళ్లు ఎక్కడ ఎక్కించేవారో అడగండి. ఆయన మాటల్లోనే రాసిపెట్టండి, వీలైతే ఫోన్‌లో రికార్డు చేయండి. ఈ పని వచ్చే ఏడాదికి వాయిదా వేయకండి.