వెలుపలి పిలుపా, జావకా? : డయల్-అవుట్ మోడెం నిర్వహణ – తెలుగు కార్యాలయ పరిభాషపై విమర్శ

వ్యాససంగ్రహం

ఒక కార్యాలయంలోని పలు కంప్యూటర్లు ఒకే మోడెం ద్వారా బయటి టెలిఫోను నంబర్లకు డయల్ చేయడానికి ఉపకరించేది డయల్-అవుట్ సాఫ్ట్‌వేర్. దానిని నెలకొల్పి నిర్వహించే పనిని తెలుగులో చెప్పబోయినప్పుడు ఎదురయ్యే పరిభాషా సమస్యను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పట్టణాల నేపథ్యంలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. పదానికి పదంగా కూర్చిన అనువాదాల్లో వంతు, అనుమతి, జవాబుదారీ మరుగున పడుతున్నాయనీ, కచేరీ తెలుగులో వీటికి మాటలు ముందే ఉన్నాయనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మోడెం, డయల్-అవుట్, కార్యాలయ పరిభాష, ఆవక–జావక, వంతు, నీరుగంటి, అనువాదం.

ప్రవేశిక

తెలుగులో సాంకేతిక పరిభాషపై జరిగిన చర్చలో అధికభాగం నామవాచకాల చర్చే. ఇంటర్నెట్‌ను అంతర్జాలం అనాలా, వెబ్‌సైటును జాలస్థలి అనాలా అన్న వాదోపవాదాలు విస్తారంగా సాగాయి. యంత్రంతో మనిషి చేసే పనిని, ఆ పనిలో ఒకరికి మరొకరితో ఏర్పడే సంబంధాన్ని చెప్పే క్రియలపై అంత శ్రద్ధ కనిపించదు. ఇందుకు సంస్థాగతమైన కారణం ఒకటుంది. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి పారిభాషిక పదకోశాలను ప్రధానంగా తరగతి గదిని దృష్టిలో ఉంచుకుని, శాస్త్రాల వారీగా రూపొందించింది. 1966 నాటి అధికార భాషా చట్టం, 1974లో ఏర్పడిన అధికార భాషా సంఘం పాలనలో తెలుగు వాడకంపై దృష్టి పెట్టాయి. ఉత్తర్వులు, లేఖలు, దస్త్రాలు వాటి ముఖ్య రంగం. కార్యాలయంలోని యంత్రాన్ని ఎవరు వాడాలో, ఎప్పుడు వాడాలో, ఎవరి లెక్కలో వాడాలో నిర్ణయించే పని పూర్తిగా పాఠ్యాంశమూ కాదు, పూర్తిగా పాలనాంశమూ కాదు. ఆ రెండింటి నడుమ అది జారిపోయింది.

కాలం కూడా కలిసిరాలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, విండోస్‌లో తెలుగు లిపికి నేరుగా మద్దతు 2001 నాటి ఎక్స్‌పీతోనే వచ్చింది. గౌతమి ఖతి దానితో పాటు వచ్చిందే. టెలిఫోను మోడెంలు కార్యాలయాల్లో విస్తృతంగా వాడుకలో ఉన్నది విండోస్ 95, 98, ఎన్‌టీల కాలంలో. అంటే మోడెం ఉన్న రోజుల్లో తెరమీద తెలుగు లేదు. తెరమీద తెలుగు స్థిరపడే నాటికి మోడెం తెరమరుగవుతోంది. 'లైను దొరకడం లేదు', 'ఎవరో పట్టుకున్నారు' వంటి మాటలతో ఆ పని తెలుగులోనే సాగింది గాని, అది రాతకెక్కలేదు.

మూడు పట్టణాలు, నాలుగు కోడ్‌లు

మోడెం కంప్యూటర్ సంకేతాలను టెలిఫోను తీగ మోయగల ధ్వనులుగా మార్చి పంపుతుంది. అవతలి మోడెం వాటిని తిరిగి సంకేతాలుగా మారుస్తుంది. 1981లో హేస్ సంస్థ తెచ్చిన స్మార్ట్‌మోడెంతో ఆదేశాలకు ఒక వాడుక రూపం ఏర్పడింది. ఏటీడీటీ అనే అక్షరాల తరువాత నంబరు రాస్తే టోన్ పద్ధతిలో, ఏటీడీపీ అని రాస్తే పల్స్ పద్ధతిలో డయల్ అవుతుంది. నంబరు మధ్య కామా పెడితే కాసేపు ఆగుతుంది. కార్యాలయంలోని చిన్న ఎక్స్ఛేంజీ నుంచి బయటి లైను తీసుకోవడానికి ముందుగా ఒక అంకె నొక్కవలసిన చోట ఆ కామా తప్పనిసరి. భాషావిమర్శకులు పట్టించుకోదగిన విశేషం ఇందులో ఉంది: కామా ఇక్కడ కూడా విరామచిహ్నమే.

ఈ ఏర్పాటు స్థలాన్ని బట్టి మారుతుంది. అప్పటి అనంతపురం జిల్లాలో, అంటే 2022 ఏప్రిల్ 4న శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడక ముందు, జిల్లా కేంద్రం ఎస్‌టీడీ కోడ్ 08554; పెనుకొండది 08555, హిందూపురానిది 08556, ధర్మవరానిది 08559. ఒకే జిల్లాలోని ఈ నాలుగు ఊళ్లూ టెలిఫోను దృష్టిలో వేర్వేరు స్థలాలు. అనంతపురంలో సిద్ధం చేసిన డయలింగ్ అమరికను యథాతథంగా హిందూపురంలోని కంప్యూటర్లకు నకలు తీస్తే, కోడ్ లేని అనంతపురం నంబరు హిందూపురంలో మరెవరి ఇంట్లోనో మోగుతుంది. 'విఫలమైతే మళ్లీ ప్రయత్నించు' అన్న అమరిక కూడా ఉంటే, ఆ ఇంటివారికి గడియగడియకూ ఈలకూతే వినబడుతుంది. ఇది భాషతో సంబంధం లేని పొరపాటులా కనిపించవచ్చు. కాని అమరికలోని 'లొకేషన్' అనే మాటను ఎలా అర్థం చేసుకోవాలన్నదే ఇక్కడి అసలు చిక్కు. దానిని 'స్థానం' అని అనువదిస్తే అది తాను డయల్ చేయబోయే చోటో, తానున్న చోటో తేలదు. 'మీ ఊరి కోడ్' అంటే తేలుతుంది.

1998 నవంబరు 4న ఆంధ్రప్రదేశ్‌లోని 214 సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయాల్లో ప్రారంభమైన కార్డ్ పథకం ప్రభుత్వ కార్యాలయం లోపల కంప్యూటర్లు కలిసి పనిచేసే పద్ధతిని ఊళ్లదాకా తెచ్చింది. రాజధానిని జిల్లా కేంద్రాలతో కలిపే ఏపీస్వాన్ కూడా ఆ దశలోనిదే. జిల్లా కేంద్రం నుంచి కిందికి దిగిన కొద్దీ ఎక్కువమందికి అందుబాటులో ఉన్న మార్గం సాధారణ టెలిఫోను లైను. ఆ లైను కార్యాలయానికి ఒకటి, మహా అయితే రెండు. పది కంప్యూటర్లున్న చోట పది మోడెంలు పెట్టడం సాధ్యం కాదు కనుకనే డయల్-అవుట్ సాఫ్ట్‌వేర్ అవసరమైంది.

భాగస్వామ్యమా, వంతా?

మోడెం ఒక కంప్యూటరుకే తగిలించి ఉంటుంది. మిగిలిన కంప్యూటర్లలో ఒక చిన్న ప్రోగ్రాం చేరుతుంది. అది అక్కడ లేని మోడెం ఉన్నట్లుగా ఒక కామ్ పోర్టును సృష్టిస్తుంది. ఉద్యోగి తన పోర్టుకే ఆదేశం ఇస్తున్నాననుకుంటాడు. ఆ ఆదేశం నెట్‌వర్కు గుండా వెళ్లి అసలు మోడెంను చేరుతుంది. నావెల్ నెట్‌వేర్ లోకంలో దీనికి ఎన్ఏఎస్ఐ అనే పద్ధతి ఉండేది. టెల్‌నెట్ మార్గంలో ఇదే పని చేయడానికి 1997లో ఆర్‌ఎఫ్‌సీ 2217 వెలువడింది.

ఈ ఏర్పాటును ఇంగ్లీషు 'షేరింగ్' అంటుంది. తెలుగు సాఫ్ట్‌వేర్ తెరలపై ఈ మాటకు చాలాకాలం 'భాగస్వామ్యం చేయి' అన్న అనువాదం కనిపించింది. ఇటీవల 'షేర్ చేయి' దాని చోటు ఆక్రమిస్తోంది. ఫొటోలు, పత్రాల విషయంలో భాగస్వామ్యం కేవలం ఎబ్బెట్టు. మోడెం విషయంలో అది తప్పు. భాగస్వాములు ఏకకాలంలో హక్కుదారులు. వ్యాపారంలో ఒక భాగస్వామికి వాటా ఉండడానికి మరొకరు లేచిపోనక్కరలేదు. మోడెం అలా కాదు. ఒకరు లైనులో ఉన్నంతసేపు మిగిలినవారికి అది లేనట్టే. వేగాన్ని లెక్కలోకి తీసుకుంటే దీని తీవ్రత తెలుస్తుంది. 1998లో వచ్చిన వీ.90 ప్రమాణం 56 కిలోబిట్ల వేగాన్ని చెప్పినా, అది సేవాసంస్థ వైపు డిజిటల్ లైను ఉన్నప్పుడు దిగుమతికే వర్తిస్తుంది. రెండు కార్యాలయాల సాధారణ లైన్ల మధ్య గరిష్ఠం 33.6 కిలోబిట్లు. కుదింపు లేకుండా ఒక మెగాబైటు ఫైలు పంపడానికి తక్కువలో తక్కువ నాలుగు నిమిషాలు. అయిదుగురికి తలా ఒక ఫైలు ఉంటే చివరి ఉద్యోగి పావుగంటకు పైగా ఎదురుచూడాలి.

దీనికి తెలుగులో ఉన్న మాట 'వంతు'. చెరువు కింది సేద్యం తెలిసిన అనంతపురం ప్రాంతానికి దీనిని వివరించనక్కరలేదు. చిత్రావతి నీటితో నిండే బుక్కపట్నం, ధర్మవరం చెరువుల వంటి వాటి కింద తూము ఒకటి, మళ్లు అనేకం. తూము తెరచి వంతుల ప్రకారం నీరు వదిలే నీరుగంటి చెరువుకు యజమాని కాడు, పాలకుడూ కాడు. ఎవరి వంతు ఎప్పుడో తెలిసినవాడు, వంతు తప్పితే నిలదీయబడేవాడు. డయల్-అవుట్ సాఫ్ట్‌వేర్‌ను చూసుకునే ఉద్యోగి చేసేది సరిగ్గా ఈ పనే: ఎవరికి లైను ఇవ్వాలో, ఎంతసేపు ఊరకుంటే తెంచాలో, ఎవరి పనికి ముందుచోటు దక్కాలో నిర్ణయించడం. 'అడ్మినిస్ట్రేటర్'కు స్థిరపడిన 'నిర్వాహకుడు' అన్న మాటలో ఈ జవాబుదారీ వినిపించదు. సభానిర్వాహకుడికీ హాస్టల్ నిర్వాహకుడికీ వాడే మాట అది.

అయితే నీరుగంటి అన్న మాటను తెచ్చి తెరమీద పెట్టమని ఈ వ్యాసం సూచించడం లేదు. అది వంశపారంపర్యంగా, కులంతో ముడిపడి వచ్చిన సేవకు పేరు. ఆ చరిత్రను విస్మరించి ఉపమానంగా వాడుకోవడం సులభం, న్యాయం కాదు. తీసుకోవలసింది వృత్తినామాన్ని కాదు, వంతు అన్న భావనను. అలాగే ధర్మవరం పేరు రాగానే పడుగు–పేక ఉపమానం నోటికి వస్తుంది. నెట్‌వర్కును అల్లిక అనడం వినసొంపుగానూ ఉంటుంది. కాని బట్టలోని పోగులన్నీ ఎల్లప్పుడూ అక్కడే ఉంటాయి, డయల్ చేసిన లంకె కాల్ ముగిసిన క్షణంలో లేకుండాపోతుంది. ఊరికి తగిన ఉపమానం పనికి తగినది కావాలని లేదు.

'డిప్లాయ్‌మెంట్'కు వాడే 'మోహరింపు' గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. ఎన్నికల బందోబస్తు వార్తల్లో అది సరిపోతుంది. ఒక్కో కంప్యూటరు వద్దకూ వెళ్లి పోర్టును అమర్చి, ఊరి కోడ్ సరిచూసి, ఒకసారి డయల్ చేసి చూసే పనికి 'అమరిక' చాలు.

జావక

'డయల్-అవుట్'ను పదానికి పదం పెట్టి చెబితే 'వెలుపలి పిలుపు' వంటిది వస్తుంది. అది వెలుపలికి పోయే పిలుపా, వెలుపలి నుంచి వచ్చే పిలుపా? భద్రత దృష్ట్యా ఈ తేడాయే కీలకం. బయటికి మాత్రమే డయల్ చేయవలసిన మోడెం, వచ్చే కాల్‌ను తనంతట తాను ఎత్తకూడదు. ఎత్తితే కార్యాలయ నెట్‌వర్కుకు దొడ్డిదారి తెరుచుకున్నట్లే. అందుకే ఎస్0 అనే మోడెం రిజిస్టరులో సున్నా ఉంచుతారు. అర్థం తారుమారైన మాట అమరికనూ తారుమారు చేయగలదు.

కచేరీ తెలుగులో ఈ రెండు దిశలకూ వేర్వేరు మాటలున్నాయి: వచ్చేది ఆవక, పోయేది జావక. మరాఠీ నుంచి వచ్చిన ఈ జంట తెలుగు లెక్కల్లో, కాగితాల్లో ఇమిడిపోయింది. 1800లో దత్తమండలాలు కంపెనీ చేతికి వచ్చాక మన్రో అనంతపురం కేంద్రంగా కలెక్టరుగా పనిచేసిన ప్రాంతమిది. కచేరీలో మరాఠీ, పారసీ మాటలు తెలుగుతో కలిసి నడిచాయి. బ్రౌన్ 1852లో జిల్లా నిఘంటువును, 1854లో మిశ్రభాషా నిఘంటువును ప్రత్యేకంగా వెలువరించవలసి వచ్చిందంటే ఆ మాటలు లేకుండా వ్యవహారం అర్థమయ్యేది కాదన్నమాట. దస్తావేజు, నకలు, బట్వాడా అక్కడి నుంచి వచ్చినవే. వాటిని ఇముడ్చుకున్న భాషకు మోడెం, డయల్ అన్న మాటలు బరువు కావు.

జావక రిజిస్టరులో ఉండే గళ్లను గమనించాలి: వరుస సంఖ్య, తేదీ, ఎవరికి, విషయం, స్టాంపు ఖర్చు. డయల్-అవుట్ సాఫ్ట్‌వేర్ రాసుకునే లాగ్‌లో ఉండేవి సమయం, వాడినవారి పేరు, డయల్ చేసిన నంబరు, నిమిషాలు, తెగిపోయిన కారణం. రెండింటి ఉద్దేశం ఒకటే. టెలిఫోను బిల్లులో కార్యాలయం నంబరు ఒక్కటే కనిపిస్తుంది. అందరూ అదే లైనులో డయల్ చేస్తారు కనుక ఎస్‌టీడీ ఖర్చు ఎవరిదో బిల్లు చెప్పదు. లాగ్ లేకపోతే ఆ అనుమానం సాధారణంగా అందరికంటే చిన్న ఉద్యోగి మీదికి పోతుంది. 'లాగ్'ను 'చిట్టా' అని అనువదించడం వాడుకలో ఉంది. తప్పు లేదు గాని, చిట్టా ఎవరి సౌకర్యం కోసమైనా రాసుకోవచ్చు. జావక రిజిస్టరు తనిఖీకి నిలబడే కాగితం. చేయని కాల్‌కు డబ్బు కట్టవలసి వచ్చిన ఉద్యోగికి కావలసింది రెండోది.

ఒకే సూచన, రెండు తెలుగులు

ఈ వ్యాసం కోసం కూర్చిన రెండు వాక్యరూపాలను పోల్చవచ్చు. ప్రస్తుత అనువాద పద్ధతిలో ఒక సూచన ఇలా ఉంటుంది: 'నిర్వాహకుడు భాగస్వామ్య మోడెంను మోహరించిన పిదప వినియోగదారుల వెలుపలి పిలుపు అనుమతులను ఆకృతీకరించవలెను.' వ్యాకరణదోషం ఒక్కటీ లేదు. హిందూపురం కార్యాలయంలో మొదటిసారి ఈ పని చేపట్టిన వ్యక్తికి ఏ మీట నొక్కాలో మాత్రం తెలియదు. అదే సూచన మరోలా: 'మోడెం ఒక్కటే. ఒకరి వంతు ముగిసాకే మరొకరికి లైను దొరుకుతుంది. బయటికి డయల్ చేయదగినవారి పేర్లు ముందుగా చేర్చండి. మీ ఊరి కోడ్ సరిచూడండి. ప్రతి కాల్ జావకలో నమోదయ్యేలా అమర్చండి.' రెండోదానిలో అన్యదేశ్యాలు ఎక్కువే, వాక్యాలూ ఎక్కువే. కర్త ఎవరో, క్రమమేమిటో, తప్పితే ఏమవుతుందో అందులో దాగిలేవు.

దీనిపై ఒక అభ్యంతరం సహేతుకమైనది. జావక అన్న మాట నేటి ఉద్యోగులందరికీ తెలియదు. చాలా కార్యాలయాల్లో అవుట్‌వర్డ్, డిస్పాచ్ అన్నవే వాడుక. అయితే తెరమీద 'డిస్పాచ్' అనే పెట్టవచ్చు. అది కూడా దిశ తెలిసిన, గళ్లున్న, సంతకం పడే మాటే. 'వెలుపలి పిలుపు'కు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. పదకోశాల సంకలనకర్తలు ఇంగ్లీషు పదపట్టికకు ముందు తపాలు సెక్షనులోని రిజిస్టర్లను తెరిచి చూడవలసింది ఇందుకే. ఆ రిజిస్టర్ల గళ్ల పేర్లు, ఊరికీ ఊరికీ మధ్య వాటిలో వచ్చే తేడాలు ఇంకా పరిశోధకుల చేతికి అందవలసి ఉంది.