రగణం అంటే కే

రెండు నెలలుగా రాత్రి భోజనాలయ్యాక ఇయర్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుంటున్నాను. "పాటలా?" అని అడిగింది మా ఆవిడ. పాటలు కావు, మోర్స్ కోడ్. ఫోన్‌లో ఒక ఆట ఉంది. బొమ్మలేమీ ఉండవు. చెవిలో ఒక అక్షరం కూత పెడుతుంది, అదేమిటో చప్పున నొక్కాలి. మూడు తప్పులైతే ఆట సరి.

మొదట్లో నా పాండిత్యం వాడబోయాను. మోర్స్‌లో పొట్టి కూత, పొడుగు కూత. మనకు లఘువు, గురువు లేవూ? మూడేసి కూతలున్న ఇంగ్లిషు అక్షరాలు సరిగ్గా ఎనిమిది, మన మూడక్షరాల గణాలూ ఎనిమిదే! ఎస్ మూడు లఘువుల నగణం, ఓ మూడు గురువుల మగణం. డీ భగణం, ఆర్ జగణం, కే రగణం. ఆపదలో పడ్డ ఓడలు పంపే ఎస్ఓఎస్ మన లెక్కన న-మ-న. యమాతారాజభానస బట్టీ పట్టినందుకు ఇన్నాళ్లకు ఫలితం దక్కిందని మురిసిపోయాను. (మన గురువు లఘువుకు రెండింతలు, మోర్స్ గురువు మూడింతలు. అంతే తేడా.)

ఆ మురిపెమే కొంప ముంచింది. నిమిషానికి 20 మాటల వేగంలో పొట్టి కూత నిడివి 60 మిల్లీసెకన్లు. గురువు, లఘువు, గురువు అని విడదీసి, రగణమని పోల్చుకుని, అయితే కే అని తేల్చుకునేసరికి ఆట నన్ను వదిలేసి ముందుకు పోయేది.

లుడ్విగ్ కోచ్ అనే జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1930లలోనే ఈ జబ్బుకు మందు చెప్పాడు. నెమ్మదిగా నేర్పితే శిష్యుడు లెక్కపెట్టడం అలవాటు చేసుకుంటాడు, వేగం పెరగ్గానే చతికిలపడతాడు. కాబట్టి మొదటి రోజు నుంచే పూర్తి వేగం, కాకపోతే రెండే అక్షరాలు. నూటికి తొంభై సరిగ్గా పట్టాకే మూడోది. మా ఆటదీ ఇదే దారి, కే, ఎమ్‌లతో మొదలు.

మా తెలుగు మాస్టారు గుర్తొచ్చారు. ఎవరైనా పద్యం అప్పజెబుతుంటే గణం ఎక్కడ తప్పిందో కళ్లు మూసుకునే పట్టేసేవారు. మేమేమో నోటు పుస్తకంలో గీతలు గీసి, గణాలు కట్టి, అరగంటకు కూడా తేల్చలేకపోయేవాళ్లం. గీతలు తెలిస్తే పద్యం తెలిసిందనుకున్న కుర్రాణ్ణే నేనింకా.

ఇప్పుడీ మోర్స్ ఎందుకంటారా? మన దేశంలో టెలిగ్రామ్ 2013 జులైలో ఆగిపోయింది. (చివరి రోజుల్లో అది నడిచింది కంప్యూటర్ల మీదే లెండి.) హామ్ (ఔత్సాహిక రేడియో) లైసెన్సుకు మోర్స్ తప్పనిసరి అన్న అంతర్జాతీయ నిబంధననూ 2003లో ఎత్తేశారు. అయినా హామ్‌లు దీన్ని వదల్లేదు. గొంతు గరగరలో కలిసిపోయే చోట కూడా కూత వినిపిస్తుంది మరి.

మొన్న సందు మలుపులో లారీ రెండుసార్లు పొడుగ్గా హారన్ కొట్టింది. నాకు ఎమ్ వినిపించింది, గగం తర్వాత గుర్తొచ్చింది. ఇప్పటికి పదకొండు అక్షరాలొచ్చాయి. ఇంకా పదిహేనున్నాయి, అంకెలు కాక.